ఆ ద్వారబంధం ఏమైంది?

తమ్ముడూ,

‘నమస్తే మేడమ్’ అని మొదలుపెట్టి మూడో పేజీకొచ్చేసరికి ‘అక్కా’ అనేశావు. వయసు ప్రకారం పెద్దమ్మ అనాలి గానీ, అక్కే ఉంచు. మా సంఘాల్లో అరవై దాటినా అక్కలమే.

నిర్వాసితుల ఉద్యమంలోకి పూర్తిగా వెళ్లనా అని అడిగిన నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోలవరం ముంపు ఊళ్ల మీద నువ్వు తీసి పంపిన గంటా ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ రఫ్ కట్, అంటే ఇంకా తుదిరూపు రాని సినిమా, మూడుసార్లు చూశాను. రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. ఆ కాగితంలో రాసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను, వరసా పాడూ లేకుండా.

ముందొక లెక్క చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆ గంటా ఇరవై నిమిషాల్లో పంతొమ్మిది నిమిషాలు నువ్వున్నావు. ఐటీ ఉద్యోగానికి రాజీనామా మెయిల్ కొడుతున్న నువ్వు. కూనవరం బస్సులో కిటికీ పక్కన నువ్వు. దీక్షా శిబిరంలో రెండో రోజు పెదాలు ఎండిపోయిన నువ్వు. రాత్రి దోమతెరలో కూర్చుని కెమెరాకి గోడు చెప్పుకుంటున్న నువ్వు. ముప్పై నాలుగో నిమిషంలో ఒక ముసలామె తన ఇంటి ద్వారబంధం ఊడదీయించి ట్రాక్టర్ మీదికి ఎక్కిస్తోంది. పదకొండు సెకన్లు, అంతే. వెంటనే నువ్వొచ్చి ఆ దృశ్యం నిన్నెంత కలచివేసిందో చెప్పడం మొదలుపెట్టావు. నేను ఆమెని చూస్తున్నాను తమ్ముడూ, నువ్వు అడ్డొచ్చావు.

‘పద్నాలుగు నెలలు పోయాయి, వీడియోలు లక్షల మంది చూశారు, రెండు రోజులు దీక్ష చేశాను, ఒక కేసు కూడా మిగిలింది, ఏమీ మారలేదక్కా’ అని రాశావు. ఏం మారుతుందనుకున్నావు? పోలవరం సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పు దాకా పోతుంది దాని మూలం. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ ఏడాదే ఏడు ముంపు మండలాలని తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. నిర్వాసిత కుటుంబాలు లక్ష పైనే. పూర్తిగా నింపితే నీటి మట్టం 45.72 మీటర్లు. ముందు 41.15 దాకానే అన్నారు కాబట్టి ఆ రెండు గీతల మధ్య ఊళ్లవాళ్లు ఇటూ కాక అటూ కాక కూర్చున్నారు. ‘నువ్వు కాంటూరు (ముంపు ఎత్తు గీత) పైనున్నావు, నీ వంతు ఇంకా రాలేదు’ అంటారు వాళ్లతో. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ వరద ఎవరి కాంటూరూ అడగలేదు. ప్రభుత్వాలు, ట్రిబ్యునళ్లు, సుప్రీంకోర్టు కేసులు, వేల కోట్ల బిల్లులు. ఇదంతా ఒక కుర్రాడు రెండు రోజులు అన్నం మానేస్తే కదుల్తుందా? కదల్లేదని కుంగిపోవడంలో కాస్త అహం కూడా ఉంది. నాకూ ఉండేది, అందుకే ఇట్టే వాసన పట్టాను.

లక్షల వ్యూస్ గురించి కూడా టెన్షన్ పడకు. 2004లో అమెరికన్ దర్శకుడు మైకేల్ మూర్, అప్పటి అధ్యక్షుడు బుష్ మీద ‘ఫారెన్‌హైట్ 9/11’ అనే డాక్యుమెంటరీ తీశాడు. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ దోర్ వచ్చింది. ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. డాక్యుమెంటరీకి అంత డబ్బు రావడం అంతకుముందు ఎవరూ ఎరగరు. బుష్‌ని దించడానికే తీశానని ఆయన దాచుకోలేదు కూడా. అదే నవంబర్‌లో బుష్ మళ్లీ గెలిచాడు. చూసినవాళ్లలో ముందే ఒప్పుకున్నవాళ్లు ఎంతమందో వసూళ్ల లెక్కలో తేలదు.

ఇప్పుడు నా సంగతి. తొంభైల మొదట్లో నిజామాబాద్ వైపు బీడీ కార్మికుల మీద అరగంట సినిమాకి వ్యాఖ్యానం రాశాను. అప్పట్లో నా వాక్యాల మీద నాకు తెగ మోజు. ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు నింపి చుడుతుంటే, ఆ దృశ్యం మీద ‘ఆమె వేళ్ల సందుల్లోంచి ఆశలు పొగలై ఎగిరిపోతున్నాయి’ అని రాశాను. రికార్డింగులో ఆ వాక్యం విని నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. సినిమా అయ్యాక ఆ ఊరి బడి ఆవరణలో టీవీ, వీసీఆర్ పెట్టి వేశాం. అయిపోయాక ఆమె లేచి అంది: ‘నేను బీడీలు చేస్త గని తాగ బిడ్డా. నా వేళ్లల్లకెల్లి పొగ ఎట్లొస్తది?’ ఆవరణంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. నవ్వులు ఆగాక ఇంకో మాట అడిగింది: ‘గీ సిన్మా జూస్తె సేటు వెయ్యికి రెండు రూపాలు ఎక్కువిస్తడా?’ నా దగ్గర జవాబు లేదు. మా డైరెక్టర్ చైతన్యం గురించి ఏదో చెప్పాడు. ఆమె చాటలోకి చూసుకుంటూ కూర్చుంది.

కొన్ని నెలల తర్వాత యూనియన్ మనిషి ఒకాయన మా ఇంటికొచ్చి క్యాసెట్ కావాలన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఆయనకి సినిమాతో పని లేదు. మధ్యలో నలభై సెకన్ల ముక్క ఒకటుంది. మున్షీ కట్టలు చూస్తూ బాగాలేవని కొన్ని బీడీలు పక్కకి పారేస్తుంటాడు. వాటికి కూలీ కట్టరు, కానీ ఎక్కడికీ పోవు, పక్క గంపలోనే ఉంటాయి. ఆ గంప మా కెమెరామన్ యథాలాపంగా తీసిన షాట్‌లో పడింది. దాన్ని లేబర్ ఆఫీసులో చూపించాలట. చూపించారు కూడా. నా వ్యాఖ్యానం అడ్డం వస్తోందని వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూపించారని తర్వాత తెలిసింది. ఆ సంవత్సరం కూలీ పెరిగింది. సమ్మె వల్ల పెరిగింది. ఆ సమ్మె కథలో మా సినిమా ఊసు ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

చాలా రోజులు చిన్నబుచ్చుకున్నాను. ఆ ఉక్రోషం తీరడానికి నెల్లూరు జిల్లా సంగతి పనికొచ్చింది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. వాచకంలో తాగుడు మీద ఒక కథ ఉంది. సాహిత్యం లెక్కన చూస్తే మామూలు కథే, నీలాంటివాడు పత్రికకి పంపితే తిప్పి పంపేవాళ్లు. కానీ దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని రాత్రి బడిలో, లాంతరు చుట్టూ కూర్చుని, పగలంతా పనిచేసొచ్చి, కూడబలుక్కుని చదివారు. చదివి, ఇది మన కథేనని మాట్లాడుకున్నారు. తర్వాత సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథ తర్వాతి వాచకంలో పాఠమై వేరే ఊళ్ల రాత్రి బళ్లకి వెళ్లింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ మొదటి పాఠం రాసినవాళ్ల పేరు నన్నడిగితే చెప్పలేను, ఆ ఆడవాళ్లలో చాలామందీ చెప్పలేకపోయి ఉంటారు. రాసినవాళ్లెవరూ ఊళ్లోకొచ్చి దీక్ష చెయ్యలేదు. రోజూ రాత్రి ఒకచోట కూర్చునే మనుషులు ముందే ఉన్నారు, వాళ్ల చేతికి ఒక కాగితం అందింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది, అది వేరే ఏడుపు.

నువ్వు అడక్కపోయినా డాక్యుమెంటరీలు తీసే ఆనంద్ పట్వర్ధన్ గురించి చెప్పాలి, నీ ఫోన్ వాల్‌పేపర్ ఆయనేనని రాశావు కదా. 1985లో ఆయన బొంబాయి మురికివాడల కూల్చివేతల మీద ‘హమారా షహర్’ తీశాడు. అందులో ఒకామె కెమెరా వాళ్ల మీదే విరుచుకుపడుతుంది. మా ఫొటోలు తీసుకుని పేరు తెచ్చుకుంటారు, మాకేం చేస్తారని. చాలామంది ఆ ముక్క ఎడిటింగ్ టేబుల్ మీదే కోసేస్తారు. ఆయన ఉంచాడు. సినిమాకి జాతీయ అవార్డు వచ్చింది, బుల్డోజర్లు మాత్రం ఆగలేదు. అవార్డు తీసుకోడానికి బస్తీ మనిషినే ఢిల్లీ పంపాడు. 1986లో నారిమన్ పాయింట్ దగ్గర సంజయ్ గాంధీ నగర్ కూల్చేస్తే, షబానా ఆజ్మీతోనూ బస్తీవాళ్లతోనూ కలిసి ఆయనా నిరాహార దీక్షకి కూర్చున్నాడు. వాళ్లకి వేరేచోట స్థలం దొరికింది.

చూశావా, దీక్షలు పనికిరావని నేననను. కానీ దొరికింది ఒక్క బస్తీకి. బొంబాయిలో అలాంటి బస్తీలు ఎన్నో. షబానా ఆజ్మీ ఎన్నిచోట్ల కూర్చోగలదు? ఆ దీక్ష వెనక బస్తీ కమిటీ ఉంది, కోర్టు కాగితాలున్నాయి, పేపర్లవాళ్లని పోగేసే సినిమా తార ఉంది. నీ దీక్షలో రెండో రోజు సాయంత్రం ఎవరున్నారు? నీ ఫుటేజ్‌లోనే చూశాను. ఇద్దరు కుర్రాళ్లు, ఒక హోంగార్డు. ఊరివాళ్లు వరికోతల్లో ఉన్నారు. వాళ్లని కూర్చోమని అడిగావా, నువ్వే నిర్ణయించుకుని కూర్చున్నావా?

ఇంకో సంగతి. హమారా షహర్‌లో విలాస్ ఘోగ్రే అని దళిత గాయకుడు పాడతాడు. 1997 జులైలో బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని నిరసన చేస్తున్నవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పది మంది చనిపోయారు. కొన్ని రోజులకి ఘోగ్రే ఉరేసుకున్నాడు. పట్వర్ధన్ అప్పుడు మొదలుపెట్టిన సినిమా ‘జై భీమ్ కామ్రేడ్’ 2011లో పూర్తయింది. పద్నాలుగేళ్లు. నువ్వు పద్నాలుగు నెలలకే చేతులు నొప్పెడుతున్నాయంటున్నావు.

నీ రఫ్ కట్ ఊళ్లోవాళ్లకి చూపించావా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఫెస్టివల్‌కి పంపే గడువు మాత్రం ఉంది.

ఫ్రాన్స్‌లో బెజాన్‌సాన్ అనే ఊళ్లో 1967లో రోడియాసెటా అనే కృత్రిమ దారాల ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. క్రిస్ మార్కర్ అప్పటికే పేరున్న దర్శకుడు. మిత్రులతో పారిస్ నుంచి వెళ్లి సినిమా తీశాడు. 1968 వసంతంలో ఆ కార్మికులకే వేసి చూపించాడు. వాళ్లు ఉతికేశారు. మమ్మల్ని పల్లకీలో కూర్చోబెట్టావు, మా ఆడవాళ్లని భార్యలుగానే చూపించావు, బయటివాడి చూపు ఇది అని. మార్కర్ వాదించలేదు. కార్మికుల సినిమా కార్మికులే తియ్యాలని ఒప్పుకుని, వాళ్లకి కెమెరాలు ఇప్పించి, ఎడిటింగ్ నేర్పే ఏర్పాటు చేశాడు. ఒక సోవియట్ దర్శకుడి పేరు మీద మెద్వేద్కిన్ బృందం అని పేరు పెట్టుకుని వాళ్లే తీశారు. మొదటి సినిమాలో సుజాన్ అనే ఆవిడ మొగుడి పక్కన దాదాపు మాట్లాడకుండా కూర్చుని ఉంటుంది. 1969లో వాళ్లు తీసిన ‘క్లాస్ ద ల్యూత్’లో ఆమే గడియారాల ఫ్యాక్టరీలో యూనియన్ నాయకురాలు, గేటు ముందు నిలబడి మాట్లాడుతోంది. మొదటి సినిమా పొరపాటు చెయ్యకపోతే రెండోది పుట్టేది కాదేమో. ఆ రోజు చూపించిన తర్వాత జరిగిన గొడవని కూడా రికార్డు చేసి దాచారు, అదీ నాకు నచ్చిన సంగతి.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే 1983లో యుగాంతర్ అనే ఆడవాళ్ల సినిమా బృందం, అంటే దీపా ధన్‌రాజ్ వాళ్లు, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులతో కలిసి ‘ఇది కథ మాత్రమేనా’ తీశారు. ఇంట్లో జరిగే హింస మీద. సంఘం సమావేశాల్లో ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకున్న మాటల్లోంచే ఆ కథ వచ్చింది. డైరెక్టరు దుఃఖపడటం అందులో ఎక్కడా కనిపించదు.

డబ్బు గురించి అడిగావు. ఏదో సంస్థ ఎడిటింగ్ ఖర్చులిస్తానంటోందని, తీసుకుంటే ‘కల్మషం’ అంటుకుంటుందని నీ బాధ. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశాడు, జమీందారీ పెత్తనాన్ని దుమ్మెత్తిపోస్తూ. సినిమాని ఆపాలని జమీందార్లు నానా గొడవ చేశారు. తీసిన సారథి సంస్థలో పెట్టుబడి చల్లపల్లి జమీందారుది! తర్వాత ఆ చల్లపల్లి ఎస్టేటులోనే రైతు పోరాటాలు నడిచాయి. కాబట్టి డబ్బు ఎవరిదైనా షరతులేమిటో చదువుకో, చివరి కట్ ఎవరి చేతిలో ఉంటుందో కాగితం మీద రాయించుకో. మిగతా పవిత్రత సంగతి తీరిక దొరికినప్పుడు ఆలోచిద్దువు గాని.

కాగితం అంటే గుర్తొచ్చింది. సినిమా ఒక మనిషిని జైల్లోంచి బయటికి తేవడం జరిగింది. అమెరికాలో ఎరల్ మోరిస్ తీసిన ‘ద థిన్ బ్లూ లైన్’ 1988లో వచ్చింది. చెయ్యని హత్యకి శిక్ష పడ్డ ర్యాండల్ ఆడమ్స్ మరుసటి ఏడాది విడుదలయ్యాడు. ఇంతకంటే ఒక సినిమా ఏం సాధించాలి? బయటికొచ్చాక ఆడమ్స్, నా కథ మీద హక్కు నాదేనని మోరిస్ మీదే దావా వేశాడు. కోర్టు బయట సర్దుకున్నారు. కృతఘ్నత అని కొందరన్నారు. నేననను. పన్నెండేళ్లు జైల్లో ఉన్నవాడికి తన బతుకు తప్ప వేరే ఆస్తేముంది?

నీ సినిమాలో నలభై ఆరో నిమిషంలో పెద్దాయనొకడు, పనుల్లేనప్పుడు రాజమండ్రిలో కొడుకు దగ్గర ఉంటామని నవ్వుతూ చెప్తాడు. నీకది మంచి ‘హ్యూమన్ మూమెంట్’. ఊళ్లో ఉండటం లేదనే సాకుతో పునరావాస ప్యాకేజీ జాబితాలోంచి పేర్లు తీసేస్తున్నారని నువ్వే ఇంకోచోట చెప్పించావు. ఆ రెండు ముక్కలూ ఒకే సినిమాలో పెట్టావంటే ఆయన ఫైలు ఏమవుతుందో ఒక్కసారైనా ఆలోచించావా? ఆయన తెలియక చెప్పాడు. నీకు తెలుసు. ఆ ముక్క తీసెయ్. ఫెస్టివల్‌వాళ్లు అడిగినా పెట్టకు.

ఇక ఉద్యమంలోకి పూర్తిగా వెళ్లనా అని అడిగావు. నీ ఉత్తరం ఐదో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది, నువ్వు రాసి మర్చిపోయి ఉంటావు: ‘ఖాళీగా ఉన్నప్పుడు ఊళ్లోవాళ్లకి అరవై రెండు అర్జీలు రాసిపెట్టాను, సర్వే జాబితాలు ఎక్సెల్‌లో పెట్టి ఎవరి పేరు ఎక్కడ తప్పిపోయిందో చూశాను.’ ఉత్తరం మొత్తంలో నన్ను కుర్చీలోంచి లేపిన వాక్యం అది. దీక్ష గురించి రెండు పేజీలు, దీని గురించి ఒక వాక్యం! అరవై రెండులో ఎన్నింటికి జవాబొచ్చింది? ఎన్ని పేర్లు మళ్లీ ఎక్కాయి? పద్దెనిమిదేళ్లు నిండినా కటాఫ్ తేదీ పేరు చెప్పి తప్పించిన పిల్లలు ఎంతమంది? అది సినిమాలో ఎందుకు లేదు? బోరు కొడుతుందనా? ఒక గుమాస్తా వేలు జాబితా మీద కిందికి జారుతూ ఒక పేరు దాటి పోవడం కంటే భయంకరమైన షాట్ నాకైతే తట్టడం లేదు.

వెళ్లాలనుంటే వెళ్లు. కానీ నాయకుడిగా వెళ్లకు, అర్జీలు రాసేవాడిగా వెళ్లు. వాళ్ల కమిటీ రమ్మన్నప్పుడు వెళ్లు, వద్దన్నప్పుడు గది అద్దె కట్టుకుని ఎడిటింగ్ చేసుకో. నాలుగు డబ్బులకి పెళ్లి వీడియోలు తీసినా నాకేం చిన్నతనం అనిపించదు. మీ అమ్మకి నెలనెలా ఎంతో కొంత పంపు. ఆవిడ నాకు ఫోన్ చేసింది, నువ్వు అన్నం తింటున్నావా లేదా అని. నాకెలా తెలుస్తుందమ్మా అన్నాను.

ఈ లోపల ఒక పని చెయ్. పంతొమ్మిది నిమిషాల్లో పద్దెనిమిది తీసెయ్, నీ గొంతు అక్కడక్కడ ప్రశ్న అడుగుతున్నట్టు వినిపిస్తే చాలు. తీసిందాన్ని పట్టుకుని పునరావాస కాలనీకి వెళ్లు. ప్రొజెక్టర్ అద్దెకి దొరుకుతుంది, తెల్ల దుప్పటి వాళ్లే ఇస్తారు, ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం పొడవాటిది పట్టుకెళ్లు. కోయ మాటలకి నువ్వు వేసిన సబ్‌టైటిల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడి పిల్లల్ని అడుగు, రెండుచోట్ల నాకు అనుమానంగా ఉంది. మాట్లాడిన ఆడమనిషి ఊపిరి పీల్చుకునేలోపే వాక్యం అయిపోతోంది, ఆమె ఇంకా చెప్తూనే ఉంది. చూశాక వాళ్లేమంటారో రికార్డు చెయ్. తిడితే ఇంకా జాగ్రత్తగా రికార్డు చెయ్.

అలాగే ఆ ముసలామె ఇల్లెక్కడో కనుక్కో. కాలనీ ఇళ్లకి ముందే ఇనప ద్వారబంధాలు బిగించి ఉంటాయి, నీ ఫుటేజ్‌లో వరసగా కనిపిస్తున్నాయి. మరి ఊరి నుంచి అంత బరువు ట్రాక్టర్ మీద వేసుకొచ్చిన ఆ టేకు ద్వారబంధం ఎక్కడ పెట్టింది? గోడకి ఆనించిందా, పొయ్యిలోకి పోయిందా, ఎవరికైనా అమ్ముకుందా? వెళ్లి చూసి నాకు ఫోన్ చెయ్. పొద్దున పది తర్వాత చెయ్, అంతకుముందు నాకు చెవులు సరిగ్గా వినపడవు.

అక్క